ఇసుక పెనం

నంద్యాల బస్టాండులో బస్సు కదిలేసరికి తొమ్మిదిన్నర దాటి ఉంటుంది. ఉంటుంది అని మాత్రమే అనగలను, చేతికి గడియారం లేదు గనక. కొలత లేని మాట మాట కాదని ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో పిల్లలకు చెప్పినవాణ్ణి, ఈ ఆదివారం ఉదయం గడియారం మరిచి, చొక్కా పై గుండీ మరిచి, ఇంటి తలుపుకు గడియ వేశానో లేదో కూడా తెలియకుండా వచ్చి ఈ కిటికీ పక్కన కూర్చున్నాను. నిశ్చయంగా తెలిసినవి కొన్నే. పదకొండు గంటలకు ఆళ్లగడ్డ చర్చిలో, కొత్తగా కట్టిన గోపురం పైకి పాత గంటను ఎత్తుతారు. ఆ గంట నాలుగు క్వింటాళ్ల కంచు. అది వేలాడబోయే కొక్కెం బాగుంటుందని మాట ఇచ్చింది నేను. ఆ కొక్కెం గాజు. చూపుకు ఉక్కే, తూకానికి ఉక్కే, ఆకురాయి పెట్టి గీస్తే ఆకురాయే జారిపోయేంత గట్టి ఉక్కు, కానీ ఒక్క కుదుపుకు రెండు ముక్కలవుతుంది. దాని కింద, అరచెయ్యి గంటకు ఆనించి, మా అక్క జీవమ్మ నిలబడి ఉంటుంది.

"యాడికప్పా?" అన్నాడు కండక్టరు. ఆళ్లగడ్డ అన్నాను, పదకొండు లోపల చేరుతుందా అని అడిగాను. "చేరినప్పుడు చేరతాది. నువ్వేమన్నా పెండ్లికొడుకువా?" అని టికెట్టు చించి ఇచ్చి పోయాడు. వెనక సీట్లో ఎవరో నవ్వారు. నాకు కోపం రాలేదు, కోపానికి చోటు లేదు. కిటికీకి అడ్డంగా ఉన్న మూడు కమ్మీల్లో మధ్యది వదులై, బస్సు వేగం పెరిగినప్పుడల్లా కిటకిటలాడుతోంది. దాన్ని చేత్తో గట్టిగా పట్టుకున్నాను, అది ఆగితే ఏదో ఆగుతుందన్నట్టు. కాళ్ల కింద రేకు అదురుతోంది. ఆ రేకుకు కొట్టిన మేకుల్లో రెండు లేవు, వాటి రంధ్రాల్లోంచి రోడ్డు పరుగెత్తడం కనిపిస్తోంది. బస్సు అంటే ఏమిటి, వెయ్యి చోట్ల ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న ఇనుము, ఆ పట్టు వీడదన్న నమ్మకంతో అరవై మంది నిద్రపోతున్నారు. నమ్మకం అన్న మాట నేను వాడేది కాదు. అది ఈ ఉదయం నాలోకి ఎలా వచ్చిందో తెలియదు. అయ్యలూరు మెట్ట దాటుతుంటే ఎడమవైపు దూరంగా నల్లమల కనిపించింది, మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు, కదలకుండా, మేం ఎంత పోయినా అక్కడే.

గురుమూర్తి రాకుండా ఉంటే ఈపాటికి నేను మా వరండాలో పేపరు చదువుతూ ఉండేవాణ్ణి. ఆళ్లగడ్డలో ఏం జరిగిందో సాయంత్రానికి ఎవరో వచ్చి చెప్పేవారు. ఆ చెప్పే మనిషి ముఖం ఎలా ఉండేదో ఊహించుకోకూడదనుకుంటూనే ఊహించుకుంటున్నాను. గురుమూర్తిది మా వీధి చివర ఇనుప సామాన్ల అంగడి. పొద్దున్నే కాగితంలో చుట్టిన ఉలి ఒకటి తెచ్చాడు, రెండు ముక్కలుగా. "సారూ, కొత్త ఉలి. ఒక్క సుత్తి దెబ్బకే పుటుక్కుమన్యాది. కొన్నాయప్ప వచ్చి నా మీద ఎగురుతాండాడు. దోషం ఇనుములో ఉండాదా, చేసినోని చేతిలో ఉండాదా?" అన్నాడు. విరిగిన చోటు వెలుతురుకు పెట్టి చూశాను. తెల్లగా, చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం నాకిష్టం, రిటైరైన రెండేళ్లలో ఆ ఇష్టం మరీ పెరిగింది. ఇనుములో దోషం లేదు గురుమూర్తీ, అని మొదలుపెట్టాను. ఉక్కును ఎర్రగా కాల్చినప్పుడు దానిలోని కర్బనం ఇనుప అణువుల మధ్య కరిగి సుఖంగా ఉంటుంది, ఆ ఎర్రటిదాన్ని నీళ్లలో ముంచితే బయటికి వచ్చే వ్యవధి లేక అక్కడే ఇరుక్కుపోతుంది, ఇరుక్కున్నది నాలుగు వైపులా నెడుతుంది, ఆ ఒత్తిడివల్లే ఉక్కు గట్టిపడుతుంది, ఆ ఒత్తిడివల్లే పెళుసవుతుంది, కనుక ముంచిన తర్వాత దాన్ని మళ్లీ మెల్లగా, సన్నని వేడి మీద కాచి, రంగు మారేదాకా... రంగు మారేదాకా అన్న మాట నోట్లో ఉండగానే నా కళ్ల ముందు ఇసుక పెనం కనిపించింది. కొలిమి పక్కన, మూడు రాళ్ల మీద, సగానికి ఇసుక పోసిన మూకుడు. పన్నెండు రోజుల కిందట నేను చూశాను దాన్ని. చూసి, అదేమిటని అడగలేదు.

"ఏమైంది సారూ?" అన్నాడు గురుమూర్తి. చెప్పాను, రెండు ముక్కల్లో. ఫోను చేద్దామన్నాడు. ఎవరికి చేస్తాం? చర్చికి ఫోను లేదు, ఆదివారం పోస్టాఫీసు తియ్యరు. "పో సారూ, బేగా పో," అని నా భుజం పట్టి గుమ్మం దాటించింది అతనే. చెప్పులు వేసుకున్నాను. అదొక్కటే మరవలేదు.

పన్నెండు రోజుల కిందట. మహానందయ్య కొలిమి ఆళ్లగడ్డలో శిల్పులు పనిచేసే వీధి వెనక ఉంటుంది. రాతి మీద ఉలి శబ్దం పగలంతా ఆ వీధిలో వానలా పడుతుంటుంది. దేవతల ముక్కులూ కళ్లూ చెక్కే ఉలులన్నీ అతని చేతిలో కాలి, అతని తొట్టిలో మునిగి వచ్చినవే. అక్కే పంపింది నన్ను. పాత కొక్కెం మెత్తని ఇనుము, అరవై ఏళ్లు గంట కడియంతో రాసుకుని రాసుకుని సగానికి అరిగింది, కొత్తది చేయించాలి, నువ్వు పోయి చూడు అని కబురు చేసింది. నేను నాయన సమాధి దగ్గర తప్ప ఆ చర్చి ఆవరణలో అడుగుపెట్టి చాలా ఏళ్లయింది, ఆ సంగతి అక్కకు తెలుసు. "నీకు దేవుడు లేడు గానీ ఇనుము ఉండాది గదరా," అంది. ఆ మాటకు నవ్వు వచ్చి ఒప్పుకున్నాను. మహానందయ్య పాత లారీ యాక్సిల్ ముక్క ఒకటి తీసి చూపించాడు. మంచి ఎంపిక అన్నాను, దీనిలో క్రోమియం కూడా ఉంటుంది, అరగదు. అతను దాన్ని కాల్చి, బొటనవేలి లావుకు సాగదీసి, వంచి, కొక్కెం చేసే పని సగంలో ఉన్నాడు. నీళ్లు తాపుతావా, అదే, ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచుతావా అని అడిగాను. "తాపకపోతే ఎట్ల సారూ. నా చేతిలోంచి పోయే ఇనుము నీళ్లు తాగకుండా పోదు," అన్నాడు. ఉలికి నీళ్లు తాపడం అలవాటైన చెయ్యి, కొక్కేనికీ తాపుతుంది. గట్టిదనమే కదా నాకూ కావలసింది, తాపు అన్నాను. అక్కడ ఆగిపోయి ఉంటే ఏ ప్రమాదమూ లేదు. అప్పుడు అతను పసుపు, కుంకుమ, కర్పూరం బిళ్లలు ఉన్న తట్ట ముందుకు జరిపి, కొంచెం సంకోచిస్తూ, "ఇది మీ కిరస్తానం గంటది గదా. కోపం దించేటప్పుడు కర్పూరం ముట్టిస్తాం. మీ చర్చి అయ్యగారు ఏమన్నా అంటాడేమో," అన్నాడు.

కోపమేమిటన్నాను. ఆ గొంతు ఇప్పుడు నాకే వినిపిస్తోంది, మెత్తగా, పురుగును కాగితం మీదికి ఎక్కించే గొంతు. "నీళ్లు తాగినంక ఇనుముకు కోపమొస్తాది సారూ. కస్సుమంటాది గదా, ఆ కోపం లోపల్నే ఉంటాది. దాన్ని దించి ఇయ్యకపోతే పట్టుకున్నోన్ని కొడతాది. మా నాయన చేసేటోడు, మా తాత చేసేటోడు. కర్పూరం ముట్టించి, దండం పెట్టి, మెల్లగ..." ఆ 'మెల్లగ' తర్వాత మాట అతను చెప్పబోయాడు, నేను చెప్పనివ్వలేదు. ఇనుముకు కోపం ఉండదు మహానందయ్యా, కస్సుమనేది ఆవిరి, అన్నాను. కోపం ఉంటే సిగ్గు కూడా ఉండాలిగా, దానికి బట్ట కడతావా, అన్నాను. రాయి చెక్కడానికి కూర్చున్న శిల్పులిద్దరు నీడకు వచ్చి నిలబడి వింటున్నారు. ఇద్దరు వింటే నాకు చాలు. అరగంట చెప్పాను. అయ్యగారు కాదు, నేనే ఒప్పుకోను, ఈ కొక్కేనికి కోపం దించడాలూ దిష్టి తియ్యడాలూ వద్దు, నీళ్లు తాపి పక్కన పెట్టు, అంతే చాలు అన్నాను. బస్సు టైమైంది, వచ్చేశాను. అంతే చాలు. ముప్పై ఏళ్లు ప్రతి జూలైలో నల్లబల్ల మీద రాసిన పాఠం, టెంపరింగ్ అన్న మాట కింద రెండు గీతలు గీసి మరీ చెప్పిన పాఠం, ముంచిన ఉక్కును మళ్లీ సన్నగా కాచే ఆ పాఠమే, పసుపు రాసుకుని ఎదురుగా వస్తే గుర్తుపట్టలేదు. నా తెలివి అంతా ఆ పూట గెలవడంలో ఉంది.

బస్సు ఆగింది. దేనికి ఆగింది? శిరివెళ్ల. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు. ఒకామె ప్లాస్టిక్ బిందెలు, చెంబులు తాడుకు గుచ్చి, పెద్ద గుత్తి భుజాన వేసుకుని ఎక్కి, గుత్తితో సహా నా పక్కన కూలబడింది. ఎర్రవి, ఆకుపచ్చవి, ఎండకు వెలిగిపోతున్నాయి. "జరుగు నాయనా, ఇవి కుట్టవులే," అంది. టైమెంత అని అడిగితే నా చేతి మీద గడియారం పెట్టుకునే చోట ఉన్న తెల్లని మచ్చను చూసి, "నీకే తెల్వకపోతే నాకేం తెలుస్తాది," అంది. ముందు సీటాయన వెనక్కి తిరిగి పదీ పది అన్నాడు. పదీ పది. ఇంకా యాభై నిమిషాలు. నా వేళ్లకు ఏదో పని కావాలి, ఒళ్లో పడ్డ చెంబు పిడి పట్టుకుని వంచుతున్నాను. వంగిన చోట ఎర్రటి ప్లాస్టిక్ తెల్లబారింది. "ఇరగ్గొడితే కొనాల," అంది ఆమె. విరగదమ్మా, అది చెబుతోంది, ఇక చాలని చెబుతోంది అన్నాను. ఆమె నా ముఖం చూసి గుత్తిని కొంచెం అవతలికి జరుపుకుంది. నిజమే, ప్లాస్టిక్ చెబుతుంది. నార తాడు పోగులు లేచి చెబుతుంది, మెత్తని ఇనుము వంగి చెబుతుంది, పాత కొక్కెం అరవై ఏళ్లు రోజుకింత అరుగుతూ చెప్పుకుంటూనే వచ్చింది. నీళ్లు తాగి కోపం దిగని ఉక్కు ఏమీ చెప్పదు. నిన్నటిదాకా, నిమిషం కిందటిదాకా, అన్నిటికంటే గట్టిగా నిలబడి ఉంటుంది. నేనూ అంతే నిలబడ్డాను ఆ కొలిమి ముందు, శిల్పులిద్దరు వింటుండగా.

లెక్క వెయ్యి, భయపడకు, లెక్క వెయ్యి. బొటనవేలి లావు ఉక్కు, నాలుగు క్వింటాళ్లు. ఆ లావు మంచి ఉక్కు కొక్కెం దానికి పదింతలు మోస్తుంది. పదింతలు. కనుక విరగకపోవచ్చు. గంట మెల్లగా లేస్తే, తాడు జారకపోతే, కుదుపు లేకపోతే విరగకపోవచ్చు. కానీ ఎర్రటి లావు ముక్కను ఒక్కసారి నీళ్లలో ముంచితే పైచర్మం ముందు బిగుసుకుంటుంది, లోపలిది తర్వాత, ఆ రెండింటి పెనుగులాటలో వంపు దగ్గర వెంట్రుకంత పగులు వస్తే ఈ లెక్క దేనికీ పనికిరాదు. పగులు ఉందో లేదో నేను చూడలేదు. తాడు లాగేది పదిహేను మంది రైతులు, అందరూ ఒక్కసారే లాగుతారా, ఒక్కసారే వదులుతారా? పైకి చేరాక అక్కే మొదటి గంట కొడుతుంది, గంట లోపలి నాలుక వెళ్లి కంచును కొడుతుంది, ప్రతి దెబ్బా కొక్కెం మీదే. లేదు, మహానందయ్య నా మాట వినకుండా చేసే ఉంటాడు. నేను బస్సెక్కగానే కర్పూరం ముట్టించి ఉంటాడు. తాతల నాటి అలవాటు అరగంట ఉపన్యాసానికి పోతుందా? మూఢనమ్మకాల మీద ఎన్ని ఊళ్లలో ఎన్ని ఉపన్యాసాలిచ్చాను, ఎవడు మాట విన్నాడు? ఒక్కడు, ఒక్కడు విని ఉంటే అన్న భయంతో చెమట పట్టింది. నా మాట ఎవరూ వినకూడదని జీవితంలో మొదటిసారి కోరుకుంటున్నాను. ఎవరిని కోరుకుంటున్నాను? ఎవరినీ కాదు. గాలిని. చేతులు ఒళ్లో వాటంతటవే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, విడదీశాను. ఇప్పుడు దండం పెట్టడం మోసం. భయపడ్డవాడు పెట్టే దండం దేవుడు ఉన్నాడనడానికి సాక్ష్యం కాదు, భయం ఉందనడానికి సాక్ష్యం, అంతే. అది ఉంది.

సూది. ఎందుకు గుర్తొస్తోంది సూది. కుందూ ఏటి ఒడ్డున, నాకు ఏడేళ్లు, అక్కకు పదమూడు. అమ్మ కుట్టుపెట్టెలోంచి సూది దొంగిలించి చేపల గాలం చేద్దామని నేను వంచబోతే టప్పున విరిగి ముక్క కంటి కింద దిగింది. ఇప్పటికీ మచ్చ ఉంది. అక్క కొంగుతో రక్తం తుడిచి, "నీకు తొందర ఎక్కువ," అంది. రెండో సూదిని చిమ్నీ దీపం మంట మీద పెట్టింది. ఎర్రబడి, మెత్తబడి, వెదురు పుల్లలా వంగింది. నీళ్లలో ముంచింది, చుయ్యిమంది. అయిపోయింది ఇయ్యి అంటే ఇవ్వలేదు. "ఆగు. ఇప్పుడిస్తే మళ్లా ఇరుగుతాది," అని దాన్ని దీపం చిమ్నీ పైన, మంటకు దూరంగా, పట్టకారుతో పట్టుకుని కూర్చుంది. సూది పసుపు అయింది, గోధుమ అయింది, ఊదా అయింది, నెమలి మెడలా నీలం అయింది. "ఇప్పుడు," అంది. అక్కకెవరు చెప్పారో తెలియదు, తను బడికి పోయింది నాలుగేళ్లే. ఆ గాలానికి పడిన చేపలు లెక్కలేదు. పదిహేనేళ్ల తర్వాత ఆ రంగులనే ఇంగ్లీషు పుస్తకంలో పట్టికలో చూశాను, ఒక్కో రంగుకు ఒక్కో ఉష్ణోగ్రత, గడ్డి రంగుకు రెండు వందల ఇరవై, నీలానికి మూడు వందలు. అక్కడే నేర్చుకున్నానని అనుకున్నాను. పుస్తకం తెరిచిన రోజు దీపం చిమ్నీ గుర్తు రాలేదు. ఇప్పుడు వస్తోంది, బత్తలూరు ముందు రాతి బండల లారీ వెనక బస్సు నత్తలా పాకుతుంటే, డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యకుండా నొక్కుతుంటే.

ఆ చెయ్యి. పట్టకారు పట్టిన ఆ చెయ్యే ఇవాళ గంటకు ఆనుతుంది. సంఘంలో అందరికంటే పెద్దవయసు ఆమె అరచెయ్యి ఆనించి, గంట నేల విడిచి, చేతికి అందనంత ఎత్తు పోయినా, పాట అయ్యేదాకా కింద నిలబడాలి. అది వాళ్ల ఆచారం. అరవై ఏళ్ల కిందట ఆ గంట వచ్చినప్పుడు మా అవ్వ నిలబడిందట. రెండేళ్లుగా ఈ రోజు కోసం బతికింది అక్క. మోకాళ్లు నొస్తున్నాయని ఎవరైనా అంటే, "గంట ఎక్కినంక నొయ్యనీ," అంటుంది. వచ్చి చూడమని నన్ను పిలిచింది. వీలు కాదన్నాను. ఎందుకు వీలు కాదు? పేపరు చదవాలి.

ఆళ్లగడ్డ. బస్సు పూర్తిగా ఆగకముందే దిగాను, కాలు మడత పడింది, నేను పడలేదు. "పో పో, పెండ్లికూతురు లేచిపోతాది," అని కండక్టరు వెనకనుంచి. పరుగెత్తానా, నడిచానా? అరవై ఏళ్లవాడు పరుగెత్తితే దాన్నేమంటారో అది చేశాను. హోటలు ముందు గోడ గడియారం పదీ ముప్పావు చూపింది. ఉంది, టైముంది, పదిహేను నిమిషాలుంది. చర్చి సందు మలుపులో కీర్తన వినిపించింది, బయటినుంచి, ఆరుబయట పాడుతున్నట్టు. బయట ఎందుకు పాడుతున్నారు? ఎండ ముదరకముందే మొదలుపెట్టేశారు.

గేటు దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. గంట లేచి ఉంది. గోపురం సగంలో, ఇద్దరు మనుషుల ఎత్తున, ఎండలో గోధుమరంగుగా, ఏ మాత్రం ఊగకుండా వేలాడుతోంది. లాగేవాళ్లు తాడు బిగబట్టి చరణం పూర్తయ్యేదాకా ఆగారు. దాని పైన, తాడు చివర కట్టి, నల్లగా, వేలంత, నా కొక్కెం. దాని కింద తెల్లచీరలో అక్క, చెయ్యి ఇంకా పైకే ఎత్తి, అందనిదాన్ని అందుకుంటున్నట్టు. అరవాలని నోరు తెరిచి మూసుకున్నాను. అరిస్తే పదిహేను తలలు తిరుగుతాయి, పదిహేను జతల చేతులు తాడును జానెడు జారవిడుస్తాయి, ఆ జానెడే చాలు. అరవకూడదు. పరుగెత్తకూడదు. జనంలోంచి, చెప్పులు విడిచి, ఆలస్యంగా ప్రార్థనకు వచ్చినవాడిలా తల వంచుకుని నడిచాను. గంట నీడ ఇసుక మీద గుండ్రంగా పడి ఉంది. దాని అంచు దాటడానికి ఒక అడుగు చాలు. ఆ అడుగు వెయ్యడానికి నాకు ఎంతసేపు పట్టిందో కొలవలేదు. లోపలికి అడుగు పెట్టాక పైకి చూడలేదు. పైన ఏముందో అణువులతో సహా తెలిసినవాడికి చూడాల్సిన పని లేదు.

"అక్కా," అన్నాను, పక్కన నిలబడి, పెదవులు కదలకుండా.

"వచ్చినావా?" అంది, చెయ్యి దించకుండా. ముఖం వెలిగింది. "పాట కానీ."

"మెల్లగా పక్కకు రా."

"ఇన్నేండ్లకు గుడికొచ్చి, రాంగానే నన్ను బయటికి పొమ్మంటాండావా?"

"కొక్కెం మంచిది కాదక్కా. విరుగుతుంది. తప్పు నాది. నీ సూది గుర్తుందా, రెండోసారి కాచేది? అది చెయ్యనియ్యలేదు నేను."

అక్క మొదటిసారి పైకి చూసింది. తర్వాత నన్ను చూసింది, కంటి కింద, ఆ మచ్చ ఉన్నచోట. ఎత్తిన చెయ్యి దించి, నా మణికట్టు పట్టుకుని, ఏడేళ్లవాణ్ణి నీళ్లలోంచి బయటికి తెచ్చినట్టు, ఒక్కొక్క అడుగే వేస్తూ నీడ దాటించింది. చరణం అయిపోయింది. అయ్యగారి దగ్గరికి పోయి దించమని చెప్పింది అక్కే, కారణం అడిగితే "మా తమ్మునికి భయమైతాంది," అంది. ఎవరో కిసుక్కుమన్నారు. మెల్లగా, కుదుపు లేకుండా, అని నేను మళ్లీ మళ్లీ అంటున్నాను. గంట ఇసుక మీద కూర్చుంది.

మహానందయ్య జనంలోంచి ముందుకు వచ్చాడు. పండక్కి కట్టినట్టు తెల్లపంచె కట్టి ఉన్నాడు. "ఏంది సారూ, ఏమైంది?"

"కోపం దించినావా దానికి?"

"నువ్వు వద్దంటివి గదా."

"నా మాట వినకుండా చేసి ఉంటావనుకున్నా."

"ఉలైతే చేసుకుండేటోన్నే, అది నా శిల్పులది," అన్నాడు. "ఇది మీ గంట సారూ. మీ మాట ఇనాల గదా."

కొక్కెం విప్పి, గోపురం పునాది రాతి మీద అడ్డంగా పెట్టి, సుత్తి నాకు ఇచ్చాడు. చేత్తో పట్టుకున్నాను, ఎత్తలేకపోయాను. అనుమానం ఉంటే కొట్టి చూడండిరా అని ముప్పై ఏళ్లు అన్నది ఈ నోరే. అతనే సుత్తి తీసుకుని, అంతగా బలం పెట్టకుండా, వంపు మీద ఒక దెబ్బ వేశాడు. పెంకు పగిలిన శబ్దం. ఒక ముక్క రాతి మీద, ఒక ముక్క ఎగిరి అక్క కాళ్ల దగ్గర ఇసుకలో. నవ్వినవాళ్లు నవ్వడం మానేశారు. ఆ ముక్క తీసి చూశాను. తెల్లటి చక్కెర పలుకుల మధ్య, ఒక అంచున, గోటి ఆకారంలో నల్లటి మరక ఉంది. అది ఇప్పటి విరుగు కాదు. నీళ్లలో మునిగిన రోజే పగిలి, నల్లబడిన పగులు. గంటను సగం ఎత్తుకు మోసింది ఆ నలుపు పోగా మిగిలినంత మాత్రమే.

అక్క వేలు పెట్టి ఆ నలుపు తడిమింది. "ఇది ఎంతసేపు నిలబడేదిరా?"

"తెలియదక్కా," అన్నాను. ఆ మాట అక్క ముందు అన్న జ్ఞాపకం నాకు లేదు.

మహానందయ్య ముక్కలు రెండూ పైపంచెలో కట్టుకున్నాడు. యాక్సిల్ ఇంకో మూర మిగిలి ఉందని, ఇవాళే కాల్చుకోవచ్చని, వచ్చే ఆదివారానికి గంట ఎక్కించుకోవచ్చని అయ్యగారితో చెబుతున్నాడు. గోపురం గోడకు ఆనుకున్నాను. అయిపోయింది, ఏమీ కాలేదు. అతను పోబోతుంటే పిలిచాను.

"మహానందయ్యా. నీ కొలిమి పక్కన ఇసుక పోసిన పెనం ఉంటుంది కదా. అదెందుకు?"

అతను ఆగి, నా ముఖంలో వెటకారం వెతికాడు. దొరకలేదేమో, తల పక్కకు వంచాడు. "ఆ పొద్దే అడిగింటే చెప్పేటోన్ని గదా సారూ," అన్నాడు. "నెమలి మెడ రంగు వచ్చి పోయిందాక దాంట్లో పెడతా. రాపో, చూద్దువు."

అక్క నా మణికట్టు ఇంకా వదల్లేదు.